మగ్గమును ఏలిన చట్టములు



నల్లమల కొండల యడుగున, నంద్యాలకు సమీపమున వెలసిన మహానంది క్షేత్రము నవనందులలో నొకటి. స్వామి పాదమూలమున నుండి వెలువడు నిర్మలజలము కోనేటిని నింపి, పిదప పొలములకు పారుచున్నది. ఇట్టి పుణ్యస్థలమున తొగట, దేవాంగ, కుర్ని, పద్మశాలి మొదలగు నేతకులములవారు కూడుకొనునపుడు కులపురాణములను, గోత్రములను, కులదేవత మహిమలను చెప్పుకొనుట వాడుక. అది యుచితమే. అయినను మన తాతముత్తాతల బ్రతుకులను నిర్ణయించినది పురాణ మొక్కటియే కాదు. ప్రభుత్వములు చేసిన చట్టములును, న్యాయస్థానములు చెప్పిన తీర్పులును మన మగ్గపు గుంటలోనికి దిగివచ్చి, పడుగునకు ధర కట్టి, పేకకు కూలి కట్టి, కొన్నిమారులు నేతగానిని చెరసాలకుకూడ పంపినవి. ఆ చరిత్రమును సంగ్రహముగా వ్రాసి సభవారి యెదుట నుంచుటకు మేము పూనుకొంటిమి.

మగ్గముపై పన్ను విధించుట క్రొత్త సంగతి కాదు. విజయనగర రాజుల కాలమునాటి శాసనములందే మగ్గములపై పన్నులు కనబడుచున్నవి. ఒక్కొక్కచోట ఆ పన్ను దేవాలయమునకు వదలబడినది. ఒక్కొక్కచోట క్రొత్తగా పేట కట్టి నేతవారిని పిలిచి, కొన్ని యేండ్లు పన్ను లేకుండ ఉండుడని యభయ మిచ్చుటయు కలదు. రాజు పన్ను పెంచిన నేతవారు ఊరు విడిచి పోయెడివారు. పోయినవారిని రప్పించుటకు పన్ను తగ్గింపవలసి వచ్చెడిది. నాడు నేతగానికి న్యాయస్థానము లేకున్నను, మగ్గమును విప్పి మూటగట్టుకొని పోగల స్వాతంత్ర్యము మాత్ర ముండెను. ఇది చదువరులు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి. తరువాత వచ్చిన చట్టము మొదట తీసివేసినది ఈ స్వాతంత్ర్యమునే.

1800 వ సంవత్సరమున నిజాము ప్రభువు ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీవారికి దత్తము చేసెను. అందువలననే దీనికి దత్తమండలమని పేరు వచ్చినది. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా 1807 వరకు ఇచట పాలన చేసెను. కర్నూలు, నంద్యాల ప్రాంతములు మాత్రము 1839 వరకు కర్నూలు నవాబుల యధీనమున నుండెను. కోయిలకుంట్ల కడపజిల్లాలో చేరి కుంపిణీ పాలనలో నుండెను. అనగా మహానంది నుండి పడమటి దారిని రెండుదినములు నడచిన నేతగాడు ఒక ప్రభుత్వమును విడిచి మరియొక ప్రభుత్వమున అడుగుపెట్టెడివాడు. 1858 లో కోయిలకుంట్ల, కంభము, మార్కాపురము, పత్తికొండ తాలూకాలను కలిపి కర్నూలు జిల్లాను ఏర్పరచిరి.

కుంపిణీవారు పాలకులే గాక వర్తకులును. వారి వర్తకోద్యోగులు నేతవారికి ముందు సొమ్మిచ్చి గుడ్డలు నేయించుకొనెడివారు. ఈ పద్ధతి యెట్లు నడచెనో మన్రోయే 1813 లో ఇంగ్లండు పార్లమెంటు సభ యెదుట సాక్ష్యమిచ్చెను. బారామహల్ సీమలో ఉద్యోగులు ముఖ్యులగు నేతగాండ్రను ఒకచోట చేర్చి, కుంపిణీకి తప్ప మరెవ్వరికిని నేయమని ఒడంబడిక వ్రాసియిచ్చు వరకు కావలి పెట్టెడివారట. సొమ్ము ఒకమారు పుచ్చుకొనిన నేతగాడు ఆ బాధ్యత నుండి బయటపడుట యరుదు. గుడ్డ ఆలస్యమైనచో వానిపై బంట్రోతును నిలిపెడివారు. ఆ బంట్రోతు ఖర్చు నేతగానిపైననే పడెడిది. కొన్నవాడును, ధర కట్టినవాడును, తగవు తీర్చువాడును ఒకడే యైనప్పుడు ఒడంబడిక యను మాటకు అర్థ మేమున్నది?

అదే 1813 లో వచ్చిన చార్టరు శాసనము కుంపిణీ గుత్తవర్తకమును చాలవరకు తొలగించినది. అంతట నేతగాడు విముక్తుడయ్యెనా? లేదు. ఇంగ్లండులో మన గుడ్డలపై మిక్కిలి హెచ్చు సుంకములు విధింపబడినవి. వారి యంత్రపు గుడ్డ మాత్రము మన రేవులలో నూటికి మూడున్నర సుంకముతో దిగినది. 1840 ప్రాంతమునకు మన నూలుగుడ్డ అచటికి పోయిన నూటికి పది చెల్లింపవలసి యుండెను. కత్తి పట్టకుండ సుంకపు పట్టికతోనే ఒక వృత్తిని కృశింపజేయవచ్చునని ఆ యేండ్లు లోకమునకు చూపినవి.

ఇక దేశములోపల ముతర్ఫా యను పన్ను మిగిలెను. మగ్గమునకు, వడ్రంగి బాడిసెకు, కమ్మరి కొలిమికి, చిల్లర యంగడికి సైతము ఈ పన్ను తగిలెడిది. 1852 లో మద్రాసున గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠిగారు స్థాపించిన మద్రాసు నేటివు అసోసియేషనువారు పార్లమెంటునకు పంపిన మహజరులో ముతర్ఫా పీడను గట్టిగా విన్నవించిరి. లక్ష్మీనరసుగారు వర్తకులు, తెలుగువారు. ఆయన తన వర్తకమునకు కలిగిన కష్టమును మాత్రమే చెప్పుకొని యూరకుండక, మగ్గమునకు పడిన పన్నును గూర్చియు మాటలాడెను. ఆదాయపు పన్ను శాసనము 1860 లో వచ్చిన పిదప ముతర్ఫా తొలగింపబడినది. ఇది మన వృత్తికి లభించిన మొదటి యూరట. ఇది ఒక కులమువారే యడుగగా వచ్చినది కాదు, అనేక వృత్తులవారి తరపున ఒక సంఘము అడుగగా వచ్చినది.

అయితే ఒకచేత విడిచినదానిని చట్టము మరియొకచేత పట్టుకొన్నది. 1859 లో పదుమూడవ యాక్టు పుట్టెను. పనివాండ్రు ఒడంబడిక తప్పినచో శిక్షించుటకు చేసిన చట్టమిది. కలకత్తా వర్తకసంఘమువారు కోరగా వచ్చినది. మొదట రాజధాని పట్టణములకు, పిదప ప్రభుత్వము ప్రకటించిన యితర స్థలములకును ఇది వర్తించెను. దీని పద్ధతి యిది. పనివాడు ముందు సొమ్ము పుచ్చుకొని పని చేయడని యజమాని మేజస్ట్రేటుకు ఫిర్యాదు చేయును. సొమ్ము తిరిగి యిమ్మని గాని, ఒప్పుకొన్న పని చేయుమని గాని మేజస్ట్రేటు ఉత్తరువు చేయును. ఈ రెంటిలో ఏది కావలయునో కోరుకొను హక్కు యజమానిది. ఉత్తరువు తప్పినచో మూడుమాసముల వరకు కఠినశిక్ష. యజమాని కూలి యెగవేసినచో మాత్రము పనివాడు సివిలుకోర్టుకు పోయి, ఫీజు కట్టి, వకీలును పెట్టుకొని వ్యాజ్యమాడవలెను. ఇరువురు చేసికొన్న ఒడంబడికలో ఒకనికి తప్పు ఋణముగను, మరియొకనికి నేరముగను ఎంచబడెను. ఈ చట్టము అరువదియేండ్లకు పైగా అమలులో నుండి, 1920 లో కొంత సవరింపబడి, 1925 నాటి శాసనముచే 1926 ఏప్రిలు 1 వ తేది నుండి రద్దయ్యెను.

ఈ నడుమ 1876-78 నాటి ధాతుకరువు మన జిల్లాలను దగ్ధము చేసినది. కరువునాడు అందరికంటె ముందు పని పోవునది నేతగానికే. తినుటకు లేనివాడు గుడ్డ కొనడు గదా! రాళ్లు కొట్టు పనికి పోయిన నేతగాని చేతులు తిరిగి సన్ననూలు పట్టుటకు పనికిరాక పోవును. కరువు సహాయమును గూర్చి తరువాత జరిగిన విచారణలలో చేతిపనివారికి వారి వృత్తిలోనే పని కల్పింపవలెనను మాట బలపడినది. ప్రభుత్వము నేతగానిని ఒక వృత్తిగల మనుష్యునిగా గుర్తించుటకు ఇది యొక మెట్టు.

1896 లో సర్కారువారు దిగుమతి గుడ్డపై నూటికి మూడున్నర సుంకము వేసి, దానికి సరిగా మన దేశపు మిల్లు గుడ్డపైనను నూటికి మూడున్నర ఎక్సైజు వేసిరి. నూలును విడిచిపెట్టిరి. లాంకషైరు మిల్లులవారిని తృప్తిపరచుటకే ఈ పని జరిగినదని దేశమంతయు నిందించెను. నింద న్యాయమే. అయినను చేనేత గుడ్డకు ఈ ఎక్సైజు లేకపోవుటచే, ఎవరికొరకో కట్టిన చలువపందిరి క్రింద మన మగ్గమునకును రవంత నీడ దొరకెను. ఆ ఎక్సైజు 1926 లో తీసివేయబడినది. దేశీయ మిల్లులకు అది విజయము. మగ్గమునకు మాత్రము ఆ నీడ పోయినది. ఒకే చట్టము ఒకరికి మేలై మరియొకరికి కీడగుట యెట్లో దీనివలన తెలియును.

సహకారసంఘముల శాసనము 1904 లో వచ్చినను అది అప్పుల సంఘములకే పరిమితము. 1912 నాటి శాసనము ఉత్పత్తి, విక్రయ సంఘములకును దారి తీసినది. మద్రాసున రాష్ట్ర చేనేత సహకారసంఘము 1935 లో ఏర్పడెను. మన సీమలో మాచాని సోమప్పగారి పూనికచే 1938 లో ఎమ్మిగనూరు చేనేత సహకారసంఘము స్థాపింపబడి దేశమున పేరుగాంచినది. 1954 లో ప్రభుత్వమువారు సోమప్పగారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించిరి. ఇచట గమనింపవలసిన దేమనగా, చట్టము సంఘమును పుట్టించలేదు. అది తలుపు తెరచినది. లోనికి నడచినవాడు మనుష్యుడు. తలుపు తెరచి యిరువదియాఱేండ్లయిన పిదప గాని ఎమ్మిగనూరులో అడుగుపడలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున నూలు బంగారమయ్యెను. 1941 లో నియమింపబడిన డాక్టరు పి. జె. థామసుగారి విచారణసంఘము మరుసటియేడు నివేదిక నిచ్చుచు దేశమున సుమారు 20 లక్షల మగ్గములున్నవని తేల్చెను. స్వతంత్రముగా నేయువారు తగ్గి, సాహుకారునొద్ద నూలు తెచ్చుకొని కూలికి నేయువారు పెరుగుచున్నారని కూడ ఆ విచారణ చూపెను. 1943 లో గుడ్డపైనను నూలుపైనను కంట్రోలు వచ్చెను. నూలు చీటి యెవరి పేర నున్నదో వారిదే మగ్గమయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1950 లో కొన్ని రకముల గుడ్డలను చేనేతకే ప్రత్యేకించుచు ఉత్తరువు వచ్చెను. మద్రాసు ముఖ్యమంత్రిగా నున్న రాజాజీ, ధోవతులును చీరలును మగ్గమునకే వదలవలెనని ఢిల్లీ ప్రభుత్వముతో పట్టుపట్టిరి. అంతటి వరము లభింపలేదు. మిల్లుల ధోవతులకు పరిమితి యేర్పడి, 1953 లో మీరినదానిపై అదనపు సుంకము పడెను. ఆ సంవత్సరముననే మిల్లు గుడ్డపై గజమునకు మూడు పైలు, అనగా కాలణా, వసూలుచేసి ఖద్దరు చేనేతల యభివృద్ధికి వినియోగించు శాసనమును వచ్చెను.

మిల్లుపై కన్ను వేసి యుండగా మరమగ్గము ప్రక్కత్రోవను వచ్చెను. దాని నడ్డుటకు 1985 లో పార్లమెంటు చేనేతకు వస్త్రముల రిజర్వేషను చట్టమును చేసెను. 1986 లో 22 రకములు చేనేతకు ప్రత్యేకింపబడెను. ఈ చట్టమును మీరినవారికి ఆరుమాసముల వరకు కారాగారము గాని, మగ్గమొక్కింటికి అయిదువేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని చట్టము చేసినపుడు నియమించిరి. మరమగ్గముల యజమానులు న్యాయస్థానముల కెక్కిరి. ఏ వృత్తినైనను, వర్తకమునైనను చేసికొను హక్కు రాజ్యాంగము 19 వ అధికరణమున మాకిచ్చినదిగదా, దానిని చట్టమెట్లు హరించునని వారి వాదము. నిలుపుదల యుత్తరువులతో ఏడేండ్లు గడచెను. తుదకు 1993 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టువారు చట్టము చెల్లునని తీర్పు చెప్పిరి. హక్కు ఉన్నమాట నిజమే. ప్రజాక్షేమమునకై దానిపై తగిన కట్టుబాటు విధించుటకు అదే అధికరణము అధికారమిచ్చుచున్నది. కుటీరపరిశ్రమలను పెంపొందింపుమని 43 వ అధికరణము ప్రభుత్వమును ఆదేశించుచున్నది. కావున బలవంతుని పోటీనుండి బలహీనుని వృత్తిని కాపాడుట అక్రమము కాదని న్యాయస్థానము నిర్ణయించెను.

ఇంతటి విజయము మన కేమి యిచ్చినది? 1996 లో 22 రకములు 11 కు తగ్గింపబడెను. చిలపల నూలు సంగతియు నట్లే. మిల్లులు తాము విక్రయించు నూలులో సగము చిలపలుగా కట్టవలెనను నియమము 2003 లో నూటికి నలుబదికి, 2019 లో ముప్పదికి దిగెను. 2017 నుండి నూలుపైనను గుడ్డపైనను వస్తుసేవల పన్ను పడుచున్నది. 1945 లో ప్రారంభమై, 1952 లో పునర్నిర్మింపబడిన అఖిలభారత చేనేత బోర్డు 2020 లో రద్దయినది. తీర్పు కాగితముపై నున్నది. పట్టుచీర యని మరమగ్గపు చీర అంగడిలో నున్నది. తనిఖీచేయు నౌకరు లేని చట్టము కాపలా లేని చేనువంటిది.

ఇంతవరకు బయటివారితో మనకు గల వ్యాజ్యమును చెప్పితిమి. ఇంటిలోని వ్యాజ్యమునుగూడ చెప్పకున్న ఈ వ్యాసము సగమే యగును. నేడు మన కులములందే నూలిచ్చు సాహుకారును గలడు, కూలికి నేయు నేతగాడును గలడు. ఇరువురును సత్రములో ఒకే పంక్తిని భుజించుచున్నారు. కాని చట్టము వారిని ఏమని పిలుచును? నేతగాడు యజమానియా, పనివాడా? మగ్గము తనది, ఇల్లు తనది. నూలు సాహుకారుది, నమూనా సాహుకారుది, గుడ్డ సాహుకారుది. యజమానికుండు లాభము వానికి లేదు, పనివానికుండు రక్షణము వానికి లేదు.

ఈ ప్రశ్న మరియొక చేతిపనివారి విషయమున మన హైదరాబాదు నుండియే సుప్రీముకోర్టుకు పోయినది. సిల్వర్ జూబిలీ టైలరింగు హౌసు కేసులో కుట్టుపనివారు ఒక్కొక్క బట్టకు ఇంతయని కూలి పుచ్చుకొనుచు, తమకు వీలైన వేళకు వచ్చిపోవుచుండిరి. వారు స్వతంత్రులు, మా పనివారు కారని దుకాణమువారు వాదించిరి. పని సరిగా లేదని త్రోసివేసి మరల కుట్టించు నధికారము దుకాణదారునకున్నది, యంత్రము వానిది, కావున వారు పనివారే యని 1973 లో తీర్పయ్యెను. బీడీలు ఇంటిలో చుట్టువారికి 1966 లో పార్లమెంటు ప్రత్యేకశాసనము చేయగా, 1974 లో సుప్రీముకోర్టువారు దానిని సమర్థించిరి. ఇంట కూర్చుండి పనిచేసినను పనివాడు పనివాడే యను సూత్రము ఆ విధముగా స్థిరపడినది. ఇంటిలో నేయు కూలినేతగానికి మాత్రము బీడీకార్మికునికి వచ్చినట్టి ప్రత్యేకశాసనము రాలేదు.

అడ్వాన్సు సంగతి చూడుడు. 1859 లో ముందు సొమ్ము తీసికొన్నవానిని చట్టము చెరసాలకు పంపెను. 1976 లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన శాసనము అప్పుకు మనుష్యుని పనిని కట్టివేయుటయే నేరమనియు, అట్టి అప్పు చెల్లదనియు చెప్పెను. కనీసవేతనమునకు తక్కువ యిచ్చి పనిచేయించుట రాజ్యాంగము 23 వ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరియే యగునని 1982 లో సుప్రీముకోర్టువారు ఆసియా క్రీడల పనివారి కేసులో తీర్పిచ్చిరి. నూటపదునేడేండ్లలో చట్టము తలక్రిందులుగా తిరిగినది. అయినను అడ్వాన్సు తీరువరకు మరియొక సాహుకారునకు నేయరాదను వాడుక అనేక గ్రామములలో నేటికిని చావలేదు. ఆ మాట పలుకు సాహుకారు తాను కులాచారమును చెప్పుచున్నాననుకొనును. వాస్తవమునకు వాడు 1926 లో చచ్చిన చట్టమును చెప్పుచున్నాడు.

సాహుకార్లందరు దుర్మార్గులని మా భావము కాదు. మిల్లుకు నగదు చెల్లించి, అంగడికి అరువిచ్చి, పండుగ దాటినపిదప గుడ్డ పేరుకొని, రెండువైపుల నలిగిపోవు చిన్న సాహుకార్లను మేమెరుగుదుము. నేతగాని కష్టదినమున సర్కారుకంటె ముందు పలుకువాడు వాడే. కాని యుపకారము లెక్కలేకుండ చేసిన అది కొన్నాళ్లకు బంధమగును. లెక్కతో చేసిన అది స్నేహముగా నిలుచును.

కావున సభవారికి మా విన్నపములు నాలుగు. మొదటిది: ప్రతి నేతగానియొద్దను ఒక లెక్కపుస్తకముండవలెను. ఎన్ని చిలపల నూలు పుచ్చుకొనెను, ఎన్ని చీరలిచ్చెను, కూలి యెంత, అడ్వాన్సులో నెంత తగ్గెను, ఇవి వ్రాసి ఇరువురును చేవ్రాలు చేయవలెను. ఏ న్యాయస్థానమైనను మొదట అడుగునది కాగితమునే. రెండవది: పడుగు తోడుట, కండెలు చుట్టుట మొదలగు పనులు చేయు స్త్రీల కూలిని విడిగా వ్రాయవలెను. 2019-20 నాటి లెక్కలలో దేశమున చేనేతపనివారు 35 లక్షలకు పైగా నుండగా, వారిలో అత్యధికులు స్త్రీలే. పుస్తకములో పేరు లేనివారికి చట్టములో హక్కు దొరకుట దుర్లభము. మూడవది: 2019 నాటి వేతనముల కోడు 2025 నవంబరు 21 వ తేది నుండి అమలులోనికి వచ్చి, 1948 నాటి కనీసవేతనముల చట్టము స్థానమును పొందినది. దీనిక్రింద ఇంటినేత కూలి యెట్లు కట్టబడునో మన సంఘము తెలిసికొని, తెలుగులో చిన్నపుస్తకముగా వేయించి గ్రామగ్రామమున పంచవలెను. నాల్గవది: రిజర్వేషను చట్టమును మీరినవారిపై ఫిర్యాదు చేయుట యేకాకియైన నేతగానికి సాధ్యము కాదు. ఆ భారము సంఘము వహింపవలెను. ఆ మీరినవాడు మన కులస్థుడైనను వెనుదీయరాదు.

కులసంఘము పెండ్లిసంబంధములకు, సత్రములకు మాత్రమే యుపయోగపడినచో అది సగము సంఘము. 1852 లో లక్ష్మీనరసు శ్రేష్ఠిగారు తనది కాని మగ్గమును గూర్చి మహజరు వ్రాయించెను. మన మగ్గమును గూర్చి మనము వ్రాయుటకు జంకుట తగునా? చట్టము తనంత తాను నడచి రాదు. తెలిసినవాడు పిలిచిన వచ్చును. ఆ పిలుపు ఈ మహాసభ నుండి బయలుదేరుగాక యని మేము కోరుచున్నాము.

స్వస్తి.